నలభై మూడో ఆకు

చీమ తలుపు తట్టకుండా నా గదిలోకి వచ్చిందంటే ఏదో కొంప మునిగిందనే అర్థం. ఆ పేరు పెట్టింది నేనే. ఎం.ఏ. మొదటి ఏడు హీబ్రూ పాఠం చదవమంటే, పక్కవాళ్లు అధ్యాయం ముగించేసరికి తను మూడో వచనం దగ్గర ఉండేది. ఆ మూడు వచనాల్లో మాత్రం ఒక్క చుక్క కూడా ఆ పిల్ల కన్నుగప్పి పోయేది కాదు. ఇప్పుడు మా బైబిలు అధ్యయన శాఖలోనే పరిశోధన చేస్తోంది, రెండో ఏడు. ఆ సోమవారం పొద్దున వచ్చి నా బల్ల మీద ఒక కవరు పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది.

కవరులో నోటీసు ఉంది. లేని ఆధారాన్ని ఉన్నట్టు సెమినారు పత్రంలో కల్పించినందుకు శుక్రవారం కమిటీ ముందు హాజరు కావాలట. రుజువైతే పరిశోధన రద్దు, ఇక ఏ శాఖలోనూ ప్రవేశం ఉండదు. ఫిర్యాదు చేసినవారి పేరు దగ్గర పెద్దసారు సంతకం ఉంది.

నాకు ముక్కు మీద కోపమని శాఖంతా చెప్పుకుంటారు. నిజమే. ఆ కోపం ముందు చీమ మీదికే లేచింది. పెద్దసారు ఊరికే ఒకరి మీద ఫిర్యాదు చేసే మనిషి కాదు. రిటైరై ఎనిమిదేళ్లయినా వారానికి రెండు రోజులు వచ్చి సెమినారు నడుపుతారు. విద్యార్థులు కాపీ కొట్టకూడదని, ఆధారాలు కల్పించకూడదని విశ్వవిద్యాలయం పెట్టిన నియమాలన్నీ రాసింది ఆయనే. అలాంటి మనిషి సంతకం చూసి, ఏం నిర్వాకం చేశావని చీమను గట్టిగానే అడిగాను.

చీమ నీళ్లు నమలలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. సారు పుస్తకంలో ఒక చోట అనుమానం వచ్చి, ఆ రాతప్రతి ఉన్న గ్రంథాలయానికి ఉత్తరం రాసిందట. వాళ్లు ఒక ఫొటో పంపారు. ఆ ఫొటో చూస్తే సారు రాసింది తప్పని తేలింది. అదే తన పత్రంలో రాసింది. సారేమో ఆ ఫొటో వేరే ప్రతిదన్నారు. తన చేతులతో తిప్పి చూసిన ప్రతిలో అలాంటి పుటలే లేవని, ఈ పిల్ల ఎక్కడిదో తెచ్చి అంటగడుతోందని అన్నారు. మళ్లీ అడుగుదామంటే ఆ గ్రంథాలయాన్ని మరమ్మతులకని మూసేసి ప్రతులన్నీ పెట్టెల్లో సర్దేశారు. వచ్చే ఏడు దాకా తెరవరు.

"ఏ చోట?" అని అడిగాను.

"ఆ పద్నాలుగు వచనాలు, మేడమ్," అంది.

పద్నాలుగు వచనాలంటే మా రంగంలో ఎవరికైనా పెద్దసారే గుర్తొస్తారు. అవి ఒక ప్రవక్త యాజకులను ఉతికి ఆరేసిన వచనాలు. తొమ్మిది వందల ఏళ్ల నాటి ఒక రాతప్రతిలో అవి లేవు. ఆ ప్రతి రాసినవాళ్లు యాజకుల వంశంవాళ్లు కాబట్టి, తమ పెద్దలను తిట్టిన భాగాన్ని కావాలనే వదిలేశారన్నది సారు సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద పుస్తకం, పుస్తకం మీద పేరు, పేరు మీద పదవులు నిలబడ్డాయి. ఆ ప్రతిలో ఆ వచనాలు లేవని మొదట చూసింది మాత్రం నేను.

ఇరవై మూడేళ్ల కిందట నేను సారు దగ్గర విద్యార్థిని. మా నాన్న ఒక చిన్న చర్చిలో పాస్టరు. ఆయన ప్రసంగంలో కునుకు తీసే నేను, సారు క్లాసులో రెప్ప వేసేదాన్ని కాదు. చూడని ప్రతిని చూశానని రాసే అలవాటున్నవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చని మొదటిరోజే అన్నారాయన. ఏ ప్రతిని చూసి ఏ ప్రతి రాశారో కనిపెట్టడం పరీక్ష పేపర్లతో నేర్పేవారు. ఇద్దరు పిల్లలు ఒకే ఒప్పు రాస్తే ఏమీ తేలదు, ఇద్దరూ చదువుకుని ఉంటారు. ఒకే తప్పు ఒకే చోట రాశారంటే మాత్రం ఒకరిది చూసి ఒకరు రాశారన్నమాట. ప్రతుల సంగతీ అంతేననేవారు.

ఆ ప్రతిని అచ్చులో ఉన్న పాఠంతో పోల్చే పని నాకిచ్చారు. అసలు ప్రతి దూరదేశంలో ఉంది. మా గ్రంథాలయంలో దాని పుటల ఫొటోలున్న మైక్రోఫిల్మ్ చుట్ట ఉండేది. కిటికీకి నల్లగుడ్డ కట్టిన ఇరుకు గదిలో, వేడెక్కే యంత్రం ముందు ఏడాదిన్నర కూర్చున్నాను. అక్షరం అక్షరం పోల్చి, తేడా కనిపించిన చోటల్లా చిత్తుపుస్తకంలో రాసుకుని, ఇంటికొచ్చి సాపు రాసేదాన్ని. మొత్తం మూడు వందల పన్నెండు తేడాలు. కళ్లద్దాలు నాకు అప్పుడే వచ్చాయి. సాపు ప్రతి చేతిలో పెట్టిన రోజు సారు, తాను వెళ్లి అసలు ప్రతితో సరిచూసుకొస్తానని, పుస్తకం మీద ఇద్దరి పేర్లూ వేద్దామని అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. విని విని మా అమ్మ, పుస్తకం వచ్చేదాకా ఇంట్లో ఆ ఊసెత్తొద్దంది.

సారు నెల తర్వాత తిరిగొచ్చి నన్ను గదికి పిలిచారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని.

"నీ కన్ను ఈ పనికి చాలదమ్మా. నిండా తప్పులే. మొత్తం నేను మళ్లీ చేసుకోవాల్సొచ్చింది," అన్నారు. నా సాపు ప్రతి పక్కన పెట్టి, "ఆ పద్నాలుగు వచనాల సంగతి ఒక్కటి మాత్రం సరిగ్గా పట్టుకున్నావు," అన్నారు.

నమ్మాను. ఎందుకు నమ్మనూ, ఆయన ప్రతి చూసొచ్చిన మనిషి. పుస్తకం వచ్చింది. నెల రోజులు ఆ ప్రతిని ఆకు ఆకూ తిప్పి పోల్చానని ముందుమాటలో రాసుకున్నారు. నా పేరు ఎక్కడా లేదు. తప్పులు చేసినదాని పేరు ఎందుకుంటుందిలే అనుకున్నాను. చివర్లో తేడాల పట్టిక ఉందని తెలుసు గానీ, నా తప్పులను ఆయనెలా దిద్దారో చూడటానికి సిగ్గేసి ఆ పేజీలు ఏనాడూ తిప్పలేదు. తర్వాత జాలిపడి శాఖలో ఉద్యోగం ఇప్పించారు. అప్పట్నుంచి మొదటి ఏడు పిల్లలతో అక్షరాలు దిద్దిస్తున్నాను. రాతప్రతి జోలికి మళ్లీ పోలేదు. ఆ ఒక్క పొగడ్తను మాత్రం దాచుకున్నాను. మనసు బాగాలేని రోజున తలుచుకునేదాన్ని.

చీమ ఫొటో తీసి నా ముందు పెట్టింది. ఎదురెదురు పుటలు రెండు. ఏడాదిన్నర చూసిన చేతిరాత అది. లామెద్ అక్షరం మెడ పొడుగ్గా లాగి కొస కొద్దిగా వంచే అలవాటు ఆ లేఖకుడిదే. పద్నాలుగు వచనాలూ ఒక్క మాట పోకుండా ఉన్నాయి. పై మూల, తర్వాతి కాలంలో ఎవరో వేసిన ఆకు సంఖ్య 43 అని ఉంది.

చీమను వెంటబెట్టుకుని మా గ్రంథాలయానికి పరుగులాంటి నడకతో వెళ్లాను. ఫిల్మ్ చుట్ట ఇంకా అదే డబ్బాలో ఉంది. యంత్రానికి ఎక్కించి తిప్పాను. ఒక ఫొటోలో 42, తర్వాతి ఫొటోలో 44. ఫొటోలు తీసినవాడు రెండు ఆకులు ఒకేసారి తిప్పేశాడు. మధ్యలోని రెండు పుటలు ఫిల్మ్‌కి ఎక్కలేదు. నా ఖర్మకి ఆ ముందు పుట సరిగ్గా ఒక వచనం చివర ముగిసింది, ఆ తర్వాతి ఫొటో కొత్త వచనంతో మొదలైంది. నేను అక్షరాల మీద కళ్లు పెట్టుకుని మూలనున్న అంకెలు చూడలేదు.

తప్పు నాదే. దానికి సిగ్గుపడటానికి ఒక నిమిషం పట్టింది. రెండో నిమిషంలో అసలు సంగతి తలకెక్కింది. పుటలు జారిపోయింది ఫిల్మ్‌లో, ప్రతిలో కాదు. ప్రతిని చేత్తో ఆకు ఆకూ తిప్పినవాడికి ఆ రెండు పుటలు కనపడకుండా పోవు. సారు ప్రతి తిప్పలేదు. తిప్పకపోతే నా పనిలో నిండా తప్పులున్నాయని దేన్ని చూసి తేల్చారు?

నా మొహం చూసి చీమ ఏమైందని అడిగింది. శుక్రవారం నేనూ వస్తానని మాత్రం చెప్పి పంపేశాను.

ఇంట్లో బీరువా మీద రేకుపెట్టెలో చిత్తుపుస్తకాలున్నాయి. వాటిని పాతకాగితాల వాడికి వేసేద్దామని మావారు అడిగినప్పుడల్లా కయ్యానికి దిగేదాన్ని, ఎందుకో నాకే తెలిసేది కాదు. మావారు లెక్కల మాస్టారు, హీబ్రూ ఒక్క ముక్క రాదు. అందుకే ఆయన్ని కూర్చోబెట్టాను. సారు పుస్తకం వెనక పట్టికలో అధ్యాయం, వచనం అంకెలు ఆయన చదువుతుంటే నేను నా చిత్తులో టిక్కు పెడుతూ అక్షరాలు పోల్చుకున్నాను. మొదటి పేజీలో అన్నీ కలిశాయి. రెండో పేజీలో అన్నీ కలిశాయి. కాఫీ పెట్టుకొచ్చి మళ్లీ కూర్చున్నాం. ఒక్క తేడా అయినా దొరక్కపోతుందా, ఒక్కచోటైనా సారు నన్ను దిద్ది ఉండరా అని వెతికాను. ఆ పూట నేను నా తప్పుల కోసం దేవులాడాను, అవి ఉంటే ఆయన మంచివాడవుతాడని.

మూడు వందల పన్నెండుకి మూడు వందల పన్నెండు కలిశాయి.

మావారు కళ్లద్దాలు తీసి, "మా పిల్లలైతే ఇద్దరినీ పిలిచి ఎవరిది చూసి ఎవరు రాశారో అడిగేవాణ్ణి. ఇక్కడ అడగక్కర్లేదు," అన్నారు. పద్నాలుగు వచనాల దగ్గర నా చిత్తులో పెన్సిలుతో రాసిన ఒక మాట చూపించాను. ఫిల్మ్‌లో లేవు, అసలు ప్రతిలో చూడాలి అని ఉంది. సాపులోనూ అదే మాట రాసిచ్చాను. ఎర్రసిరాతో రాశాను, సారు మరిచిపోకూడదని.

నాకు ఏడుపు రాలేదు. కోపం మాత్రం మూడు రోజులు చల్లారలేదు. ఒక మనిషి నా కష్టం తీసుకున్నందుకు కాదు. అది తీసుకుని, నాది పనికిరాని కన్ను అని నాచేతే నమ్మించినందుకు. పిల్లల పేపర్లు దిద్దుతూ కూడా ఒక్కో పేపరు రెండుసార్లు చూసుకునేదాన్ని, నా కన్ను మీద నాకు నమ్మకం లేక. ఇరవై మూడేళ్లు అలా బతికాను.

గురువారం సాయంత్రం సారు ఇంటికి వెళ్లాను. ముందుగదిలో ఎప్పటిలాగే పుస్తకాల మధ్య కూర్చుని ఉన్నారు. ఎప్పటిలాగే రామ్మా అన్నారు. చిత్తుపుస్తకం, చీమ తెచ్చిన ఫొటో, పుస్తకం పట్టిక ఆయన ముందు వరసగా పరిచాను. ఆయన ఫొటో మీద వేలు పెట్టి 43 అంకె దగ్గర ఆగారు. అప్పుడు అర్థమైంది, ఫొటోను ఆయన ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. చూడకుండానే పిల్ల మీద ఫిర్యాదు రాశారు.

"ప్రతి చూశారా సార్, ఆనాడు?" అని అడిగాను.

"చూశాను. అద్దాల పెట్టెలో," అన్నారు. ఆ ఏడాది ప్రతిని ఎవరి చేతికీ ఇవ్వలేదట. పది నిమిషాలు నిలబడి తెరిచి ఉన్న పుట చూసి వచ్చారట. అంత దూరం వెళ్లి వట్టి చేతులతో రాలేకపోయానని, ఫిల్మ్ ఉంది కదా, నువ్వు జాగ్రత్తగా చేసే పిల్లవే కదా అనుకున్నానని చెప్పారు.

జాగ్రత్తగా చేసే పిల్లవి. ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నారంటే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరి నా పని నిండా తప్పులన్నారు కదా సార్. ఏవి? ఒక్కటి చూపించండి."

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు. "అలా అన్నానా?" అన్నారు.

దబాయిస్తారని, లేకపోతే క్షమించమంటారని లెక్కలేసుకుని వెళ్లాను. గుర్తులేకపోవడం నా లెక్కలో లేదు. నా జీవితాన్ని వంచిన మాట ఆయన నోట్లోంచి అలా జారి అలా పోయింది. తర్వాత మెల్లగా నచ్చజెప్పారు. అప్పుడు నీకు పెళ్లి కుదిరింది, ఈ పనిలో ఉంటావనుకోలేదు, పుస్తకానికి ఒక పేరే నిండుగా ఉంటుందన్నారు. ఉద్యోగం ఇప్పించాను కదా అన్నారు. రేపు నువ్వు రాకుండా ఉంటే, పిల్ల చిన్నది పోనివ్వండని కమిటీకి తానే చెప్పి ఏడాది సస్పెన్షన్‌తో సరిపెడతానన్నారు.

ఏ తప్పూ చేయని పిల్లకి ఏడాది ఎందుకని అడిగాను. పుస్తకాలు సర్దుకుని లేచాను. ఎప్పుడూ వంగి నమస్కారం పెట్టి వచ్చేదాన్ని, ఆ రోజు చేతులు లేవలేదు.

శుక్రవారం కమిటీ గదిలో పొడుగాటి బల్ల, ముగ్గురు సభ్యులు. ఒకరికీ హీబ్రూ రాదు. అధ్యక్షత వహించినావిడ న్యాయశాస్త్రం ప్రొఫెసరు, మాట కరుకు, చూపు సూటి. చీమ ఒక మూల కుర్చీ అంచున కూర్చుంది. రాత్రంతా నిద్రపోనట్టు మొహం పీక్కుపోయి ఉంది. సారు తన ఫిర్యాదు చదివాక నాకు మాట్లాడే అవకాశమిచ్చారు. గ్రంథాలయం నుంచి తెప్పించిన ఫిల్మ్‌ను గోడ మీద వేసి చూపించాను. భాష రాకపోయినా అంకెలు అందరికీ వచ్చు. 42 తర్వాత 44 చూసి ముగ్గురూ ముందుకు వంగారు. చీమ ఫొటోలోది ఆ మధ్యనున్న 43 అని, ఆ వచనాలు ప్రతిలో ఉన్నాయని, లేవన్న మాట ప్రతి చూసి కాక ఫిల్మ్ చూసి రాసిందని చెప్పాను. ఆ తప్పు మొదట చేసింది నేనని, సారు పుస్తకంలో పట్టికంతా నా చిత్తులో ఉందని కూడా చెప్పాను.

సారు లేచారు. మొహంలో కోపం లేదు. ఇరవై మూడేళ్ల కిందట గదికి పిలిచినప్పటి మొహమే, జాలి మొహం.

"అవును, ఈ తప్పు ఈవిడదే. నేను పట్టిక అంతా స్వయంగా తయారు చేసుకున్నాను. ఈ ఒక్క చోట మాత్రం నా విద్యార్థిని మాట నమ్మాను. శిష్యుల్ని నమ్మడమే నేను చేసిన పొరపాటు," అన్నారు.

అసలు ప్రతిలో చూడాలని రాసిచ్చానని నేను అన్నాను. చిత్తులో పెన్సిలు మాట చూపించాను. చిత్తులో ఉందేమో గానీ తనకిచ్చిన సాపులో లేదన్నారు. ఆ సాపు ఎక్కడుందని అధ్యక్షురాలు అడిగింది. ఇల్లు మారినప్పుడు పోయిందన్నారు. నా వైపు చూసే చెప్పారు, కళ్లు దించుకోకుండా. అబద్ధం ఆడేవాళ్లు చూపు తప్పిస్తారని ఎక్కడో విన్నాను. అది తెలియనివాళ్లు చెప్పే మాట.

కమిటీ అరగంటలో తేల్చింది. చీమ మీద ఫిర్యాదు కొట్టేశారు. సెమినారు పత్రాన్ని వేరే వాళ్లచేత దిద్దించమన్నారు. పట్టిక ఎవరిదన్న సంగతి తమ ముందున్న ఫిర్యాదులో లేదని, కావాలంటే నేను విడిగా అర్జీ పెట్టుకోవచ్చని, ఇరవై ఏళ్లు దాటినవాటిని విచారణకు తీసుకునే నియమం లేదని కూడా ఆ నోటితోనే చెప్పారు. ఆ నియమావళి రాసింది ఎవరో చెప్పక్కర్లేదు.

బయట వరండాలో చీమ నా చెయ్యి పట్టుకుంది. థాంక్స్ అంటుందేమో అనుకున్నాను.

"మేడమ్, మిగతా మూడు వందల పదకొండూ మీవేనా?" అని అడిగింది.

"నావే."

"అన్నీ సరిగ్గా ఉన్నాయి మేడమ్. నేను వాటిలో నలభై దాకా వేరే ప్రతులతో సరిచూశాను. ఒక్కటీ తప్పు లేదు."

అప్పుడు వచ్చింది ఏడుపు. కమిటీ గది ముందే, గుమస్తాలు చూస్తుండగానే ఏడ్చాను.

మూడు నెలలకు ప్రచురణకర్తలు ఆ పుస్తకానికి సవరణ చీటీ అచ్చువేసి అన్ని గ్రంథాలయాలకీ పంపారు. మా శాఖ కాపీలో అతికించడానికి ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. నాలుగు వరసలు. ఫలానా పేజీలో పద్నాలుగు వచనాలు లేవని రాసింది పొరపాటని, అది అప్పటి విద్యార్థిని ఇచ్చిన తప్పుడు వివరం వల్ల జరిగిందని ఉంది. కింద నా పేరు, ఇంటిపేరు, పెళ్లికి ముందరి పేరు కూడా. ఆ పుస్తకంలో నా పేరు చూసుకోవాలని ఒకప్పుడు ఎంత ఆశపడ్డానో మా అమ్మకు తెలుసు. ఆవిడ ఇప్పుడు లేదు, అదే నయం.

నా పెళ్లికి ముందరి పేరు ప్రచురణకర్తలకెలా తెలిసిందని ఆఫీసు గుమస్తాను అడిగాను. పెద్దసారు కిందటి నెల స్వయంగా వచ్చారట. నా సర్వీసు రిజిస్టరు బీరువాలోంచి తీయించి, కుర్చీ వేయించుకుని కూర్చుని, మొదటి పేజీ నుంచి ఒక్కో పేజీ తిప్పి, పేరు అక్షరం అక్షరం సరిచూసుకుని రాసుకెళ్లారట.